కనకం టీచర్ విన్న స్వరం

మొన్న సాయంత్రం, మా బెంగాల్ రైల్వే ఊళ్ళోని ఖరిదా బజారులో మా బట్టల కొట్టు ముందు ఒక పెళ్ళి ఊరేగింపు ఆగింది. డీజే పెట్టెల మోతకు షోకేసు అద్దాలు వణికాయి. ఆ పాటలో గొంతు ఎక్కడా చెదరదు, ఎక్కడా ఊపిరి పీల్చుకోదు. యంత్రంతో నునుపు చేసిన గొంతు. "ఈ రోజుల్లో గానమెక్కడుంది దీదీ?" అన్నాడు పక్క కొట్టు బెంగాలీ దాదా. ఒకప్పుడు నేనూ అదే మాట అనేదాన్ని. ఇప్పుడు అనలేను. అందుకు కారణం కనకం టీచర్.

న్యూ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్‌లో ఆవిడ పిల్లలకు వయొలిన్ నేర్పేవారు. భర్త గూడ్సు బండి గార్డు. నేను చేరిన కొత్తలో వారాల తరబడి ఒక్క షడ్జమమే, ఆ మొదటి సా స్వరమే, వాయించమన్నారు. విసుగొచ్చి, పాట ఎప్పుడు నేర్పుతారని అడిగాను. "నీ ఏలు సా దగ్గరకెల్తంది గానీ, నీ సెవి ఎల్లట్లేదే" అన్నారు.

నేను పెద్దదాన్నయ్యాక, ఆవిడకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది. తీగల మీద నడవాల్సిన చెయ్యి అది. అప్పటికే పిల్లలంతా కీబోర్డు క్లాసులకు వెళ్ళిపోయారు. సాయంత్రాలు నేను వెళ్ళి వాయిస్తే కళ్ళు మూసుకుని వినేవారు. "విద్య మీ తరంతోనే పోయింది టీచర్" అనేదాన్ని, ఓదార్పు అనుకుని. ఆవిడ కుడిచేత్తో సైగ చేసి, మళ్ళీ వాయించమనేవారు.

ఆ రోజుల్లోనే ప్రణీత్ వచ్చాడు. వరంగల్ నుంచి ఇక్కడికి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చిన కుర్రాడు. గుడిలో నా వయొలిన్ విని, మీ గురువును చూపించమని వెంటబడ్డాడు. లాప్‌టాప్‌లో పాటలు కడతాడట. పాడడం రాదు, ఏ వాయిద్యమూ రాదు. పెదవి విరుస్తూనే టీచర్ దగ్గరికి తీసుకెళ్ళాను. టీచర్ మాత్రం అతని పాట చివరిదాకా విన్నారు. తర్వాత నన్ను మోహనం వాయించమన్నారు.

"ఏటి ఇనపడింది బాబూ?" అని అడిగారతన్ని.

"రాగం పేరు తెల్వదు మేడం. ఒక స్వరం మళ్ళ మళ్ళ వచ్చింది గదా, నడుమ ఒక్కసారి కొంచెం కిందికున్నది."

నిజమే. వాయించిన నాకే తెలియలేదు. టీచర్ నవ్వారు. జబ్బు చేశాక ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు. పెదవి ఒక పక్కకే సాగింది.

"సూసినావా? ఇద్దె ఎక్కడికీ పోలేదే" అన్నారు నాతో. నాకు నేర్పుతారా అని అతను అడిగితే, కదలని చేతిని కాసేపు చూసుకుని, నాకేసి తల ఊపారు. "నాను సెప్తాను, అది వాయిస్తాది, నువ్వు పాడు. ముందా పాటల పెట్టె మూసీ."

మొదట్లో అతని గొంతు వణికిపోయేది, సిగ్గుపడి ఆగిపోయి, తర్వాత లాప్‌టాప్‌లో సరిచేసుకుంటాననేవాడు. "గొంతు సెదిరితే సెదరనీ. మిషనే దిద్దేస్తే నువ్వెప్పుడు దిద్దుకుంటావు?" అనేవారు టీచర్. చదువు ముగిసేదాకా అతను రావడం మానలేదు.

ఒక వానాకాలంలో టీచర్ పోయారు. పెద్దకర్మ నాడు ప్రణీత్ ఆవిడ క్వార్టర్‌లోని ఇరుకు గదిలో పాడాడు. నేను వాయించాను. పై స్థాయిలో గొంతు పగిలింది. ఆగాడు. కళ్ళు తుడుచుకుని, పగిలిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి స్వరం నిలిచింది.

సంగీతంలో సత్తా తగ్గిందా అంటే నాకు తెలియదు. నాసిరకం పాటలు రోజూ చెవిన పడుతూనే ఉన్నాయి. కానీ ఎవరు ఏ పాట తెచ్చినా, తీర్పు చెప్పకుండా చివరిదాకా కూర్చుని వింటున్నాను. చాలాసార్లు అందులో ఏమీ ఉండదు. ఎప్పుడైనా ఒకసారి, పాట మధ్యలో, నాకు తెలియకుండానే నా తల ఊగుతుంది.