నాన్న పంపిన విమానాల కార్డులు

మా చిన్నతనంలో అల్లవరంలో... ఎవరింటికైనా మస్కట్ నుంచి సంచి వచ్చిందంటే, పిల్లలమంతా ముందు వాసన చూసేవాళ్ళం. సబ్బు, పౌడరు, సెంటు, పాలపొడి... అన్నీ కలిసిపోయిన వాసన. ఫారిన్ వాసన అనేవాళ్ళం. అది ఉంటే ఒరిజినల్, లేకపోతే డూప్లికేట్. ఇంక దాని మీద వాదన లేదు.

మా నాన్న కూడా మస్కట్‌లోనే ఉండేవారు. నాకు ఊహ తెలిశాక ఒక్కసారే వచ్చి వెళ్ళారు. తర్వాత కబుర్లు తగ్గిపోయాయి. బడిలో మిగతావాళ్ళు "మా నాన్న ఇది పంపేరు, అది పంపేరు" అని చెప్పుకుంటుంటే, నేను పలక తుడుచుకుంటూ కూర్చునేదాన్ని. తుడవడానికి దాని మీద ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు బడి నుంచి రాగానే అమ్మ నా చేతిలో నాలుగు కార్డులు పెట్టింది. విమానాల బొమ్మలు... కింద వేగం, పొడవు, రెక్కల కొలత.

"మీ నాన్నగారు పంపేరే. ఊరొచ్చినాయన ఎవరో ఇచ్చెళ్ళేరు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుప్పుమంది ఫారిన్ వాసన.

మర్నాడు ఆ కార్డులు క్లాసంతా ముక్కు ముక్కుకీ తిరిగాయి. అందరూ ఒరిజినలే అన్నారు. ఆ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని అన్నం తినడానికి పోటీ పడ్డారు. అంత ఆనందం మళ్ళీ ఎప్పుడు కలిగిందో నాకు గుర్తులేదు.

తర్వాత అప్పుడప్పుడూ ఇంకో రెండు, ఇంకో మూడు వచ్చేవి. ఎవరి విమానానికి వేగమో పొడవో ఎక్కువుంటే వాళ్ళు అవతలివాళ్ళ కార్డు గెలుచుకునే ఆట అది. మా వీధి ఆడపిల్లలకి ఆ ఆట రాదు, మగపిల్లలు నన్ను రానిచ్చేవారు కాదు. అందుకని చాప మీద రెండు వాటాలు వేసి, ఒకటి నాది, ఒకటి నాన్నది అనుకుని ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని. మంచి కార్డులు నాన్న వాటాలో పడేలా సర్దేదాన్ని... ఓడిపోతే ఆయన మళ్ళీ ఆడరేమోనని.

ఓ వేసవిలో మా వీధిలోని సత్యవతి వాళ్ళ నాన్నగారు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చారు. దానికీ విమానాల కార్డులే తెచ్చారని విని, నావి పట్టుకుని పరిగెత్తాను. కార్డుల కోసం కాదు... మా నాన్నని చూశారేమో అడుగుదామని.

ఆయన నా కార్డు ఒకటి తీసుకుని అంచు చూశారు. కాస్త వంచి చూశారు.

"ఇయ్యెక్కడివమ్మా?"

"మా నాన్నగారు పంపేరండి. మీకు ఆయన కనపడ్డారాండి?"

"ఆయ్... మస్కట్ చాలా పెద్దదమ్మా. కార్డులు బాగున్నాయి, జాగ్రత్తగా దాచుకో" అని తిరిగి ఇచ్చేశారు.

ఈలోగా సత్యవతి తన కార్డుల పెట్టె మీది ప్లాస్టిక్ కాగితం చింపి, దాని కార్డులూ నావీ పక్కపక్కన పరిచేసింది. దాని కార్డు వంచి వదిలితే టక్కున తిన్నగా అయింది. నాది వంగినచోటే గీత పడింది. దాని అంచులో రెండు పొరల మధ్య సన్నటి నల్లగీత ఉంది... నా కార్డు అంచు తెల్లగా, పీచుపీచుగా ఉంది. నా విమానం తోక మీది ఎరుపు గీత దాటి ఆకాశంలోకి ఒలికిపోయింది. అన్నిటికన్నా... దాని కార్డులకి కొత్త అట్ట వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

మా ఇంట్లో ఫారిన్ వాసన ఉన్న చోటు ఒక్కటే. అమ్మ నూతి దగ్గర ఉండగా ట్రంకుపెట్టె తెరిచాను. నాన్న ఎప్పుడో తెచ్చిన సబ్బు, విప్పకుండా, చీరల మధ్య ఉంది. దాని పక్కనే మిగతా కార్డులు... అమలాపురం ఫ్యాన్సీ షాపు కవర్లో. ఒకేసారి ఇస్తే అయిపోతాయని అమ్మ కొంచెం కొంచెంగా ఇస్తోంది.

పెట్టె మూసేశాను. ఎవరికి చెప్పను? సత్యవతికి చెబితే నాకు నాన్న లేనట్టే అవుతుంది. అమ్మకి చెబితే అమ్మ ఏమైపోతుందో...

కొన్నాళ్ళకి అమ్మ మళ్ళీ మూడు కార్డులు ఇచ్చింది. నా మొహంలోకే చూస్తూ "చూడవే, ఫారిన్‌వేనా?" అంది.

"ఆయ్, ఒరిజినలే అమ్మా" అన్నాను. అమ్మ మొహం తేటపడింది.

ఇప్పుడు నేను పాత కార్డులు సేకరించేవాళ్ళ గ్రూపులో ఉన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫొటోలు పెట్టి అసలుదా నకిలీదా అని అడుగుతారు. అంచు దగ్గర్నుంచి తీసి పెట్టండి, మూలలు అరిగాయేమో చూడాలి, పైన మెరుపు ఉందో లేదో వెలుతురులో వాల్చి చూపించండి అంటాను. నా విమానాలు మాత్రం ఎవరికీ చూపించలేదు. నకిలీవి, పైగా ఆడి ఆడి మూలలు గుండ్రంగా అయిపోయినవి... మా గ్రూపు లెక్కన చెత్తే.

నాన్న మళ్ళీ రాలేదు. అమ్మ పోయేదాకా ఆ అబద్ధాన్ని తనూ కాపాడింది, నేనూ కాపాడాను. ఒకే చాప మీద పడుకుని, ఎవరికి వాళ్ళం ఒంటరిగా...

ఇప్పుడు గల్ఫ్‌లో ఉన్న నాన్నలు రోజూ ఫోన్లో కనిపిస్తున్నారు. ఏం పంపావని పిల్లలు నేరుగా వాళ్ళనే అడుగుతున్నారు. మాకు నాన్నంటే అమ్మ చెప్పిన మాటే.

మీలో ఎవరికైనా... లేని మనిషి పేరు చెప్పి, ఉన్న మనిషి ఇచ్చినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే కింద రాయండి. "నాకు తెలుసమ్మా, నువ్వే ఇచ్చావు" అన్న మాట నేను చెప్పలేకపోయాను... మీరెవరైనా చెప్పగలిగారేమో తెలుసుకోవాలని ఉంది.