పద్మ పేరు మీది కారు

కృష్ణమూర్తి ఎంత దానశీలో అమెరికాలో అల్ఫారెట్టా ఊళ్ళోని తెలుగువాళ్ళందరికీ తెలుసు. తెలియకుండా ఉండే వీలు ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పాత కోట్లిచ్చినా, తలుపు సరిగ్గా పడని మైక్రోవేవ్ ఇచ్చినా, ముందు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాకే వస్తువు గడప దాటేది. నేను చెప్పబోయేది మాత్రం ఆయన గురించి కాదు, ఆయన భార్య పద్మ గురించి. ఆవిడకి యాభై రెండేళ్ళు. ఎలిమెంటరీ స్కూల్ కెఫెటీరియాలో పిల్లలకి భోజనం వడ్డించే ఉద్యోగం.

ఆ ఉద్యోగమే ఆయన కళ్ళల్లో నలుసు. పదకొండేళ్ళు, ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్న మనిషి, గ్రీన్ కార్డు చేతికందిన నెలలోనే వెళ్ళి తలకి వల టోపీ పెట్టుకుని నిలబడింది. మూడువందలమంది పిల్లలు 'మిస్ పద్మా' అని పిలిచి ట్రే చాపుతారు. ఎవరికి చీజ్ పడదో, ఎవరు పాలు తాగకుండా పారేస్తారో ఆవిడకి నోటికి వచ్చు. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ భార్య పిజ్జా ముక్కలు వడ్డించడమేమిటని కృష్ణమూర్తికి తల కొట్టేసినట్టుండేది. పార్టీల్లో ఎవరైనా అడిగితే, ఎడ్యుకేషన్ సైడ్‌లో ఉందని చెప్పి మాట మార్చేవాడు. మానెయ్యమని నయాన చెప్పాడు, భయాన చెప్పాడు. ఆవిడ మానలేదు.

స్కూలు ఇంటికి ఏడు మైళ్ళు. ఆ దారిలో బస్సు లేదు, చాలాచోట్ల నడవడానికి పేవ్‌మెంటు కూడా లేదు. పద్మకి ఉన్న ఆధారమల్లా ఒక వెండిరంగు పాత కారు. నలభై దాటాక ఆ కారు మీదే డ్రైవింగ్ నేర్చుకుంది. పక్కన కూర్చున్న మొగుడు బ్రేక్ అని అరిచిన ప్రతిసారీ వణికిపోతూ నేర్చుకుంది. పక్కనే ఆయన కొత్త ఎలక్ట్రిక్ కారు ఉండేది గానీ దాని తాళం ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. ఆవిడ దాని స్టీరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు.

తమాషా ఏమిటంటే ఆ రెండు కార్లూ పద్మ పేరు మీదే ఉన్నాయి. కృష్ణమూర్తి జాతకంలో వాహన గండం ఉందనీ, బండి ఏదైనా ఆయన పేరున కొనకూడదనీ పెళ్ళికి ముందే సిద్ధాంతిగారు రాసిచ్చారు. క్లౌడ్ గురించి గంటలు గంటలు ఉపన్యాసాలిచ్చే ఈయన ఆ కాగితాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా పాటించేవాడు. కొన్న ప్రతి కారూ భార్య పేరున రిజిస్టర్ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితాలు దేవుడి అలమారలో పెట్టేవాడు. ఆ తర్వాత అవి ఎవరి పేరున ఉన్నాయో మరిచిపోయేవాడు.

జార్జియాలో కారు రిజిస్ట్రేషన్ ఏటా యజమాని పుట్టినరోజులోగా రెన్యూ చెయ్యాలి. పద్మ పుట్టినరోజు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. కౌంటీ ఆఫీసు మాత్రం మరిచిపోకుండా ఉత్తరం రాసేది. ఈసారి ఉత్తరం రాగానే, ముందు చేయించాల్సిన పొగ పరీక్షకి కృష్ణమూర్తే కారు తీసుకెళ్ళాడు. గంటలో తిరిగొచ్చి, ఫెయిల్ అని రాసున్న కాగితం వంటింటి గట్టు మీద పడేశాడు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి పద్మకి ఒళ్ళు మండింది.

"ఇంజిన్ అయిపోయింది. చారిటీకి డొనేట్ చేసేస్తున్నా. లాక్కెళ్ళడానికి గురువారం టో ట్రక్ వస్తుంది," అన్నాడు.

"మరి నేను స్కూల్‌కి ఎలా వెళ్ళాలి?"

"వెళ్ళడమెందుకు? ఇన్నాళ్ళూ చేశావుగా, చాలు. దేవుడే దారి చూపించాడనుకో."

అప్పుడు అర్థమైంది పద్మకి. పోతున్నది కారు కాదు, ఉద్యోగం. రెండేళ్ళుగా మాటలతో చెయ్యలేనిది ఈ మనిషి దానం పేరుతో చేస్తున్నాడు, పైగా పుణ్యం కూడా తన ఖాతాలోనే వేసుకుంటాడు. సాయంత్రానికల్లా గ్రూపులో ఫొటో పడింది. బానెట్ మీద చెయ్యేసి దానకర్ణుడిలా నిలబడ్డాడు. కింద నలభైమంది దణ్ణాలు పెట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు గానీ, ఇక్కడ అత్త కూడా అక్కర్లేదు, ఇంట్లో పెళ్ళాం ఉంది.

ఆయన నిద్రపోయాక పద్మ ఆ కాగితం తీసింది. ఆవిడ ఇంగ్లీషుని ఆయన పదిమందిలో వెక్కిరించేవాడు. నిజమే, ఆవిడ కూడబలుక్కుని చదువుతుంది. కాకపోతే అలా చదివేవాళ్ళు చివరిదాకా చదువుతారు. పైన పెద్దక్షరాల్లో ఫెయిల్ అని ఉంది. దాని కింద ఇంజిన్ కంప్యూటర్ పాస్, పొగగొట్టం దగ్గర భాగాలన్నీ పాస్. ఫెయిలయింది ఒక్కటే, ఆవిరి బయటికి పోకుండా ఆపాల్సిన పెట్రోలు ట్యాంకు మూత. ఆర్కిటెక్టుగారు మొదటి మాట చదివి కారుకి కర్మకాండ చేసేశారు. నెలలోపు అదే చోటికి తెస్తే మళ్ళీ పరీక్ష ఉచితమని అడుగున ఉంది.

మర్నాడు స్కూలు నుంచి వస్తూ పద్మ కారు సామాన్ల కొట్లో ఆగింది. కౌంటర్ దగ్గర కుర్రాడు కొత్త మూత వెతికిచ్చి, టిక్కుమనేదాకా ఎలా తిప్పాలో చూపించాడు. అక్కణ్ణుంచి నేరుగా పరీక్షకి వెళ్ళింది. పది నిమిషాల్లో పాసయింది. కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని ఇంటికొచ్చి పప్పు తాలింపు వేసింది. ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే ఇంకో వంక వెతుకుతాడని తెలుసు. అదీగాక, నిజం చెప్పాలంటే, ఆవిడకి కసిగా ఉంది. నలుగురిలో తలొంచుకోవాల్సిన మనిషి నాలుగు గోడల మధ్య ఎందుకు తలొంచుకోవాలి?

గురువారం మూడింటికి ట్రక్కు వచ్చింది. కృష్ణమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫొటో తియ్యడానికి పక్కింటి తేజేశ్వర్‌ని పిలిచి పెట్టుకున్నాడు. డ్రైవర్ టైటిల్ చూసి, ఓనర్ సంతకం కావాలన్నాడు. కృష్ణమూర్తి జేబులోంచి పెన్ను తీశాడు. ఈ కాగితం మీద ఉన్న పేరు మీది కాదన్నాడు డ్రైవర్.

కృష్ణమూర్తి గుమ్మం వైపు తిరిగి, పద్మా, ఇక్కడో సైన్ పెట్టు అని కేకేశాడు. కూరలో ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా అన్నాడు.

పద్మ వచ్చింది. కాగితం తీసుకుంది. పెన్ను తీసుకోలేదు. బ్యాగ్‌లోంచి పాసయిన రిపోర్టు తీసి, డ్రైవర్‌కి కాదు, తేజేశ్వర్‌కి ఇచ్చింది. తేజేశ్వర్ చదివి, "అంకుల్, గ్యాస్ క్యాప్, అదే పెట్రోలు మూత, ఈసారి పాసట. కార్ పాసైంది," అన్నాడు.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు? గ్రూప్‌లో పెట్టేశాను. ముందు సైన్ చెయ్యి," అన్నాడు కృష్ణమూర్తి పళ్ళు బిగించి.

"చేస్తాను. మీరు మాటిచ్చారు కదా, ట్రక్కు ఖాళీగా పోతే మీ పరువు పోతుంది. కానీ నాకు రేపు ఆరున్నరకి డ్యూటీ. ఇది ఇవ్వను. ఆ రెండోది కూడా నా పేరు మీదే ఉంది, లోన్ కూడా తీరిపోయింది. దానికి సైన్ చెయ్యమంటారా?"

కృష్ణమూర్తి తన ఎలక్ట్రిక్ కారు వైపు చూశాడు. తేజేశ్వర్ ఫోన్ దించేశాడు. డ్రైవర్‌కి తెలుగు రాకపోయినా, ఆవిడ వేలు ఏ కారు వైపు ఉందో కనబడుతూనే ఉంది. తేల్చుకున్నాక ఫోన్ చెయ్యమని కార్డిచ్చి వెళ్ళిపోయాడు.

తెల్లవారాక కృష్ణమూర్తి దేవుడి అలమార అంతా గాలించాడు. సిద్ధాంతిగారి కాగితం దొరికింది. రెండో కారు టైటిల్ దొరకలేదు. అప్పటికి పద్మ ఏడు మైళ్ళ దూరంలో, కెఫెటీరియా లాకర్‌లో రెండు టైటిళ్ళూ పెట్టి తాళం వేసి, వల టోపీ సర్దుకుంటోంది.