నిన్ననే ఊగిన గుండు

మా హనుమండ్లు కాకకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఊళ్లో కాలుపెట్టిన మనిషిని ఊరి వింతలు చూపించకుండా బయటికి పోనిచ్చేవాడు కాదు. చుట్టమైనా, పోలీసు అమీనైనా, గాజులమ్మేవాడైనా, దారితప్పి వచ్చినవాడైనా సరే, తలకు రుమాలు చుట్టుకుని ఎదురొచ్చి "గుండు చూసినవా?" అనేవాడు. చూడలేదంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. చూశానంటే, "గప్పుడు ఎండల చూసి ఉంటవ్, ఇప్పుడు నీడల చూడు" అని మళ్లీ తీసుకుపోయేవాడు.

మాది ఇచ్చోడకు ఇవతల సడక్ పక్కన ఉన్న చిన్న ఊరు, గుండంపల్లె. కాక లెక్కలో దానికి మూడు వింతలు. మొదటిది ఊగుడు గుండు. ఊరి వెనక గట్టు మీద చిన్న రాయి నెత్తిన ఏనుగంత రాయి కూర్చుని ఉంటుంది. గాలి వస్తే అది ఊగుతుందని కాక మాట. ఊగగా చూసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

"ఏదయ్యా, ఊగుతలేదు గదా?" అని ఎవరైనా అంటే కాక నొచ్చుకునేవాడు.

"నిన్ననే ఊగింది. జర ఒక్కరోజు ముందుగాల రాకపోతివి!"

రెండోది చేదుబాయి. పశువులు కూడా మూతిపెట్టని ఆ నీళ్లను చేది, దోసిట్లో పోసి, తాగేదాకా ఎదుట నిలబడేవాడు. మూడోది గుర్రం డెక్క. గట్టు కొసన బండ మీద ఒక గుంట ఉంది. రాజుగారి గుర్రం అక్కణ్నుంచే దుమికిందట. ఏ రాజన్నది వచ్చినవాణ్ని బట్టి మారేది. జైనూర్ నుంచి వచ్చిన గోండు పటేలుకు గోండు రాజు, నాందేడ్ పత్తి వ్యాపారికి మరాఠా సర్దారు, తహశీల్దారు సాబుకు నవాబు. గుర్రం మాత్రం ఎప్పుడూ తెల్లదే. "డెక్క చూడకుంట పోతే చూసిందంత వట్టిదే" అని చెయ్యి పట్టుకుని మరీ చూపించేవాడు.

పక్క ఊళ్ల గొప్పలు ఆయన ముందు చెల్లవు. కుంటాల జలపాతం పేరెత్తితే, "నీళ్లు కిందికి పడుతయ్. పడక మీదికి పోతయా?" అనేవాడు. చార్మినార్ చూసొచ్చానని ఎవరైనా మురిసిపోతే, "అది మనుషులు కట్టింది. మా గుండును ఎవడన్న కట్టిండా?" అని నోరు మూయించేవాడు.

ఆయన భార్య శంకరవ్వ చిన్నమ్మ అనేది: "పెండ్లినాడు గీయిన మావోళ్లందరిని గుండు కాడికి తోల్కపోయిండు. లగ్గం గడియ దాటిపాయె. గుండుతోనే పెండ్లి చేసుకొమ్మని మా బాపు తిట్టిండు."

ఆయన చలవ వల్ల బస్సు తప్పనివాడు మా తాలూకాలో తక్కువ. ఇచ్చోడ దవాఖాన నర్సమ్మ కూడా ఒకసారి టీకాలు వేయడానికి వచ్చి, చేదునీళ్లు తాగి, బస్సు తప్పి, శంకరవ్వ చిన్నమ్మ ఇంట్లో పడుకుని పోయింది. అప్పట్నుంచి మా ఊరికి ఎప్పుడు వచ్చినా ముందు కాక ఎక్కడున్నాడో కనుక్కుని, ఇంకో గల్లీలోంచి నడిచేది.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో ఒకరోజు నర్సమ్మ మళ్లీ టీకాలకు వచ్చింది. నా భార్య అనసూర్యకు అప్పుడు నెలలు నిండి ఉన్నాయి. తొలి కాన్పు హుజూరాబాద్‌లో పుట్టింట్లో జరిగి, బిడ్డ దక్కలేదు. అప్పుడు వాళ్లు నొప్పులు రాకముందే మంత్రసానిని పిలిచి ఇంట్లో కూర్చోబెట్టారట. కీడంతా ఆ ముందు పిలుపుతోనే వచ్చిందని నన్ను కన్న మా అవ్వ లస్మవ్వ గట్టి నమ్మకం.

"అవ్వా, నర్సమ్మ ఊళ్లనే ఉన్నది. ఇయ్యాలటికి ఆపుదామే" అన్నాను.

"నొప్పులు రానీ, గప్పుడు పిలువు."

"గప్పటికి బస్సు పోతది! బండి కట్టుకొని ఇచ్చోడకు పోయి వచ్చేసరికి ఏమన్న అయితే?"

"ముందుగాల పిలిస్తే నేను ఈ ఇంట్ల ఉండ. నీ ఇష్టం బిడ్డా."

లోపల్నుంచి అనసూర్య, "అత్తమ్మను బాధపెట్టకు" అంది. ఆ గొంతులో భయం నాకు వినబడుతూనే ఉంది.

అంతలో వాకిట్లో దగ్గు వినిపించింది. బీడీకి నిప్పు కోసం వచ్చిన కాక, ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో ఏమో, "వదినె, గుండు చూసినవా?" అన్నాడు.

"ముప్పై ఏండ్ల సంది చూస్తున్న. ఇగ పో!"

కాక బీడీ ముట్టించుకోకుండానే వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. బస్సు హారన్ వినబడింది. పోయిందిలే అనుకుని గోడకు ఆనుకుని కూలబడ్డాను. గంటసేపటికి అనసూర్య కేక పెట్టింది. లారీ అయినా దొరక్కపోతుందా అని సడక్ దిక్కు ఉరికాను. బస్సు పోయి చాలా సేపయి ఉంటుంది. దారిపొడుగునా దేవుణ్ని తిడుతూ, మళ్లీ మొక్కుతూ పోయాను.

తీరా చూస్తే బస్సు అక్కడే ఉంది! డ్రైవర్ సీటు ఖాళీ. సీట్లన్నీ ఖాళీ. కిటికీ పక్కన నర్సమ్మ ఒక్కతే, సంచి ఒళ్లో పెట్టుకుని, ఎవరూ లేని బస్సును తిడుతోంది.

"నర్సమ్మా! అందరేరీ?"

"ఏడికి పోతరు? మీ కాక గుండు చూపియ్యనీకె తోల్కపోయిండు! డ్రైవర్‌ను, కండక్టర్‌ను, బస్సునిండ జనాన్ని! నేనైతే దిగేదే లేదు. సచ్చినా దిగ!"

"అనసూర్యకు నొప్పులొస్తున్నయమ్మా!"

ఆవిడ ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. నాకంటే ముందు నడుస్తోంది.

గడపలో అవ్వ అడ్డం నిలబడి, "నొప్పులకు ముందు పిలిసినవా, వచ్చినంక పిలిసినవా?" అంది.

"వచ్చినంకనే అవ్వా!"

"అయితే రా తల్లీ, రా" అని తానే నర్సమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది.

రాత్రి బువ్వల వేళకు పసిదాని ఏడుపు వినబడింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. నర్సమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "పిల్ల ఎదురుకాళ్లతోటి వచ్చిందయ్యా. జర ఆలస్యమైతే ఏమయ్యేదో!" అంది. అమ్మయ్య అనుకున్నాను. మనిషికి ఊపిరి ఇంత హాయిగా ఆడుతుందని నాకు ఆ పూటే తెలిసింది.

మర్నాడు బస్సు ఆపి డ్రైవర్ రాయమల్లు నామీద పడ్డాడు.

"మీ కాక మమ్ముల మోసం చేసిండే!"

"ఏం చేసిండు?"

"గుండు చూపిచ్చిండు. చేదునీళ్లు తాపిండు. మళ్ల గుండు కాడికే తెచ్చిండు. పోతమంటే 'ఆగుండ్రి, ఊగుతది' అంటడు. మేమందరం గుండు దిక్కు చూస్తుంటే ఆయిన మీ ఇంటి దిక్కు చూస్తుండు! నువ్వు ఉరుకుడు కనవడ్డదో లేదో, 'అయిపోయింది, ఇగ పోండ్రి' అన్నడు. మరి గుర్రం డెక్క ఏదని అడిగిన. ఏమన్నడో ఎరుకేనా? 'డెక్క లేదు గిక్క లేదు, అది ఊకె గుంట' అన్నడు!"

నిజాం సర్కారు పోలీసులు అడిగినా కాక ఆ మాట అనే మనిషి కాదు.

తిన్నగా కాక ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు.

"కాకా, బస్సును మాకోసమే ఆపినవా?"

"నీకోసం ఎవడాపిండురా? రాయమల్లు ఇన్నేండ్ల సంది మన ఊరిమీదికెల్లి పోతుండు, గుండు చూడలే. మనకు సిగ్గుచేటు గాదా?"

"మరి డెక్క ఎందుకు చూపియ్యలే?"

కాక పగ్గానికి ఇంకో మెలిక తిప్పాడు. "గుంట నిండ మన్ను పడ్డది. వాళ్లు గూడా ఇండ్లకు చేరాలె గదా" అని గొణిగి, గొంతు తగ్గించాడు. "మీ అవ్వకు చెప్పకు. ఆమె లెక్కల నర్సమ్మ నొప్పులొచ్చినంకనే వచ్చింది. గట్లనే ఉండనీ."

నేను ఆయన కాళ్లకు దండం పెట్టబోతే, "దండం తర్వాత పెడుదువు గాని, గుండును ఇప్పుడు నీడల చూసినవా?" అని లేచి నిలబడ్డాడు.

బిడ్డను ఉయ్యాల తొట్టెలలో వేసిన రోజు వాకిట్లో గోలగోలగా వినబడి బయటికొచ్చాను. ముందు కాక, వెనక రాయమల్లు, కండక్టర్, బస్సునిండా జనం. ఈసారి నర్సమ్మ కూడా దిగి, నవ్వు దాచుకుంటూ చివర్న నిలబడి ఉంది.

"ఇగో, నాలుగో వింత! బస్సును ఆపి పుట్టిన పిల్ల!" అని కాక అందర్నీ తొట్టెల చుట్టూ నిలబెట్టాడు.

రాయమల్లు ఊరుకోలేదు. "గీ పిల్ల గూడా నిన్ననే ఊగిందంటవా, కాకా?"

కాక రుమాలు సర్దుకుని తొట్టెల తాడు అందుకున్నాడు.

"నిన్న గాదురా, ఇయ్యాలనే ఊగుతున్నది. కండ్లారా చూసి పో!"