ఫిర్యాదుల పుస్తకంలో వరప్రసాదం మాస్టారు

వరప్రసాదం మాస్టారికి కోపం వస్తే నోరు పెగలదు, కలం లేస్తుంది. నాకు నోరే లేస్తుంది. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. పొద్దున్నే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి కోటిపల్లిలో దిగి, కాకినాడ వెళ్లే రైలుబస్సు కోసం పక్కపక్కనే కూర్చునేవాళ్లం. నేను కాకినాడలో బట్టలకొట్టు గుమాస్తాని. బండి రాకపోతే నాలుగు తిట్టి బస్సెక్కి పోయేవాణ్ణి. ఆయనకు ఆ వీలు లేదు.

ఆయన లెక్కల మాస్టారు. ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో చిక్కిపోయింది. ఆయన బడి దారిలో ఒక చిన్న హాల్టు పక్కనే ఉంది. రైలు దిగి నాలుగడుగులు వేస్తే తరగతి గది. అదే బస్సయితే మెయిన్‌రోడ్డు మీద దించేస్తుంది. అక్కణ్ణుంచి చేల మధ్య పుంతదారిలో మూడు మైళ్లు నడవాలి. వానాకాలంలో ఆ పుంతలో గేదెలే తడబడతాయి.

ఆ బడి ఆయన కోరి తెచ్చుకున్నదే. 2004 చివర్లో ఈ రైలుబస్సు మొదలైన రోజున అరటిబోదెలు కట్టి, దండలు వేసి, ఆ ఒంటి పెట్టె బండిని పెళ్లికొడుకులా నిలబెట్టారు. పదిహేనేళ్లు కిక్కిరిసిన బస్సుల్లో ఒంటికాలి మీద నిలబడి తిరిగిన మనిషి ఆయన. కూర్చుని వెళ్లొచ్చన్న ఆశతో దాని మీద మనసు పారేసుకున్నారు. బదిలీల కౌన్సెలింగ్‌లో అమలాపురం బడి వచ్చేదే, వదులుకుని ఇది కోరుకున్నారు. ముక్తేశ్వరంలో నర్సుగా చేసే ఆయన భార్య పుష్పలత గారు, "నాలుగు నెలలు నడవనివ్వండి, అప్పుడు చూద్దాం" అని చెప్పి చూశారట.

"రైలు, పుష్పా! పట్టాలు వేసి మరీ మోసం చేస్తారా ఎవరైనా?" అన్నారట మాస్టారు.

ఆ బడిలో చేరి నెల తిరక్కుండానే తెలిసొచ్చింది. ఇంజను మొరాయిస్తే ఆ రోజుకి బండి లేదు. రిపేరుకు పోతే ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. వచ్చిన రోజున కూడా దారి పొడుగునా గేట్లు. రోడ్డుకు అటొకటి, ఇటొకటి. వాటి దగ్గర కాపలా మనుషులు ఉండరు, గేట్లు వేసే ఇద్దరూ బండిలోనే వస్తారు. బండి ఆగుతుంది, వాళ్లు దిగి గేట్లు వేస్తారు, బండి దాటి మళ్లీ ఆగుతుంది, వాళ్లు గేట్లు తీసి పరుగెత్తుకొచ్చి ఎక్కుతారు. ఇదంతా చూస్తూ కూర్చుంటే ఒళ్లు మండిపోయేది.

టిక్కెట్లిచ్చే ఆదినారాయణ మీద అరుద్దామంటే అతను రైల్వే ఉద్యోగి కూడా కాదు, కమీషను మీద టిక్కెట్లమ్ముకునే ఊరి మనిషి. "బండెక్కడుందయ్యా?" అంటే "మీకెంత తెలుసో నాకూ అంతేనండి బాబూ" అనేవాడు. మాస్టారు మాత్రం అతని దగ్గర ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, గుండ్రటి అక్షరాలతో తేదీ వేసి, ఎన్ని నిమిషాలు ఆలస్యమో, దానివల్ల ఏ పాఠం పోయిందో రాసేవారు. 'నేడు తొమ్మిదో తరగతికి పైథాగరస్ సిద్ధాంతం అందలేదు' అని ఒకసారి రాశారు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

2007 వానాకాలంలో వరసగా మూడు రోజులు బండి రాలేదు. మూడో రోజు మాస్టారు తెగించి పుంతలో నడిచి, పడ్డారు. ఒళ్లంతా బురదతో క్లాసుకి వెళితే పిల్లలు ఒక్కరూ నవ్వలేదట. "గట్టిగా రాయండి మాస్టారూ, ఈ దిక్కుమాలిన బండిని తీసేయమని రాయండి" అన్నాను. ఆయన అలాగే రాశారు. 'నమ్మించి ముంచే బండి ఉండడం కంటే లేకపోవడం నయం. దయచేసి తీసేయండి.' ఆ మాట అందించిన పాపం నాదే.

రెండు నెలల తర్వాత ఒక రైల్వే ఆఫీసరు వచ్చారు. కోటిపల్లిలో బండెక్కి మా ఎదురుగా కూర్చున్నారు. ఒళ్లో ఫిర్యాదుల పుస్తకం ఉంది. గేట్లు వేసే ఇద్దరిలో ఆ రోజు ఏసుదాసు ఒక్కడే వచ్చాడు. అలాంటి రోజుల్లో రెండో గేటు మాస్టారే వేసేవారు. అప్పటికి ఏడాదిగా అలవాటు. మొదటి రోడ్డు దగ్గర బండి ఆగగానే ఆఫీసరు ఉన్న సంగతి మరిచిపోయి, కుంటుకుంటూ దిగి గేటు వేసి, మళ్లీ తీసి వచ్చి కూర్చున్నారు.

"ఎవరాయన?" అన్నారు ఆఫీసరు.

ఏసుదాసు హడలిపోయాడు. "ప్యాసింజరేనండి. ఆయనో చెయ్యి వేస్తేనండి, రెండు నిమిషాలు కలిసొస్తాయండి."

"గేటు ముట్టుకోమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. బడి తొమ్మిదిన్నరకండి" అన్నారు మాస్టారు.

పేరడిగి తెలుసుకుని ఆఫీసరు పుస్తకం తెరిచారు. "తీసేయమని రాసింది మీరేగా? ఎక్కేవాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. ఇక ప్రయాణికులకే వద్దంటే మాకింకేం కావాలి?"

"ఆ మాట నేను చెప్పేనండి" అన్నాను.

"రాసిన చెయ్యి నాదేనండి" అన్నారు మాస్టారు. నోరు పెగలని మనిషి, ఆ రోజు పెగల్చుకున్నారు. "కోపం వచ్చిందండి, రాసేనండి. ఇంటి మనిషి అన్నం వేళకి రాకపోతే 'ఇంక రావొద్దు' అని అరుస్తామండి. అలాగని తలుపు గడియ పెట్టేసుకుంటామాండి?"

హాల్టులో మాస్టారు దిగుతుంటే బడి గోడ మీంచి పిల్లలు "మాస్టారొచ్చేరు, మాస్టారొచ్చేరు" అని అరిచారు. ఆయన బడి గేటు దాటి లోపలికి వెళ్లేదాకా ఆఫీసరు కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. పై వాళ్లకు ఏం రాశారో మాకెప్పటికీ తెలియలేదు.

మర్నాడు వేళకు బండి రాలేదు. అరగంట గడిచింది. మాస్టారు గడియారం చూడడం మానేసి పట్టాలకేసి చూస్తున్నారు. మొదటిసారి బస్సుకు పోకుండా ఆయన పక్కనే కూర్చున్నాను. యాభై నిమిషాలకు దూరంగా హారన్ వినిపించింది. ఆయన జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

ఆదినారాయణ పుస్తకం తెచ్చాడు. "ఇవాళ రాస్తారాండీ?"

"ఆయ్, రాయకపోతే ఎలాగండీ?" అని తీసుకున్నారు మాస్టారు. భుజం మీంచి తొంగి చూశాను.

'బండి యాభై నిమిషాలు ఆలస్యం. పదో తరగతికి సంభావ్యత పాఠం పోయింది. రేపు కూడా ఇక్కడే ఎదురుచూస్తుంటాను.'