పక్క కుర్చీ

సలోమమ్మకు నోరు కాస్త పెద్దది. గుమస్తాగా రిటైరై, దేశ రాజధానిలోని ఆర్.కె. పురంలో కూతురి క్వార్టర్‌లో ఉంటున్న ఆవిడ, పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని పెద్దాసుపత్రికి వెళుతుంది. మనవైపు నుంచి వచ్చి, హిందీ ముక్క రాక బిక్కచచ్చి కూర్చున్న రోగులను వెతికి పట్టుకుంటుంది. డాక్టరు గదిలో వాళ్ల పక్కన కూర్చుని, ఆయన హిందీలో చెప్పింది తెలుగులో చెబుతుంది. చెడు కబురైతే ముందు చెయ్యి పట్టుకుంటుంది.

"మీకెందుకమ్మా ఈ శ్రమ?" అని ఎవరైనా అంటే కసురుతుంది. "ప్రభువు నాకు హిందీ ఇచ్చింది కూరగాయల బేరానికేనా?"

చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ఈ ఊసే ఎత్తదు. రోగుల పేర్లు చదివి, ప్రార్థన చెయ్యండని చెప్పి కూర్చుంటుంది.

మొన్న మంగళవారం అదే గదిలో అదే డాక్టరు రిపోర్టులు తిరగేసి, "ఆపరేషన్ కర్నా పడేగా, ఆంటీజీ," అన్నాడు.

సలోమమ్మ అలవాటుగా పక్కకు తిరిగింది. "ఆపరేషన్ చెయ్యాలంటున్నారమ్మా..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ రిపోర్టులు తనవే. కూతురికి కూడా చెప్పకుండా వచ్చింది.

డాక్టరు తల దించుకున్నాడు. ఆవిడ కుడిచేత్తో తన ఎడమచెయ్యి పట్టుకుంది.

"భయపడకు, నేనున్నాగా," అంది మెల్లగా, తెలుగులోనే.

తర్వాత లేచి, బయట బెంచీ మీద ఎదురుచూస్తున్న శ్రీకాకుళం పెద్దాయన్ని లోపలికి తీసుకొచ్చింది. తాను లేచిన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి, పక్క కుర్చీలోకి మారింది.