తొక్కని చోటు

మా తోటికోడలు జయాబాయికి కోపం రాదు, అబద్ధం రాదు, లెక్క రాదు. ఈ మూడూ లేకుండా రాయచూరు బజారులో పాత్రల దుకాణం నడిపే ఇంట్లో ఆమె ఇన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చిందంటే, ఆ మూడూ నాకు దండిగా ఉన్నాయి కాబట్టి.

ఆమెకు వచ్చింది దిష్టి తీయడం. కొడుకు గురునాథ్ దుకాణం మూసి రాగానే గడపలో నిలబెట్టి, పిడికెడు దొడ్డుప్పు చుట్టూ తిప్పి, చెంబు నీళ్లలో కరిగించి, ఎవరూ తొక్కని చోట పోసేది. పాత ఇంట్లో ఆ చోటుకు కరువు లేదు. వెనక సందులో మురికి కాలువ ఉండేది, దాన్ని తొక్కే మొనగాడు ఇంకా పుట్టలేదు.

పోయిన ఏడు గురునాథ్ మాన్వి రోడ్డు పక్క లేఅవుట్‌లో ఇల్లు కట్టాడు. ముందు పచ్చిక, గులాబీలు, మల్లె, గేటుకు అటూ ఇటూ పేరు తెలియని షోకు చెట్లు. వెనక కరివేపాకు, నిమ్మ. రాళ్లు పగిలే ఎండలున్న ఊళ్లో పచ్చిక ఏమిటని నేనంటే నా మాట ఎవరికి కావాలి? తోట వేయడానికి అరకేర నుంచి హనుమేశ్‌ను పిలిచాడు. వాడికి పనికన్నా మాట ఎక్కువ.

"పెద్దమ్మా, నా కైగుణ గట్లాంటిది. నేను పెట్టినది ఇంతవరకు ఎండలె."

మనం హస్తవాసి అంటామే, దాన్ని ఇక్కడి కన్నడంలో కైగుణ అంటారు.

"మరి నీ నెత్తి మీద ఎందుకు ఎండిందిరా?" అన్నాను.

వాడు బట్టతల నిమురుకున్నాడు. "అది నేను పెట్టలె పెద్దమ్మా, మా నాయన పెట్టిండు."

ఆ రోజు నాకు వాడు నచ్చాడు. ఎంతమంది కూలీలున్నా మొదటి మొక్క మాత్రం మట్టి కళ్లకద్దుకుని తనే పెట్టేవాడు. అన్నీ పెట్టి, నీళ్లు పోసే బాధ్యత జయకు అప్పగించి, వారం వారం వచ్చి చూసి పోయేవాడు.

తోట పచ్చగా లేచింది. పక్కింటి యోగానంద్ భార్య నేత్ర గేటు దగ్గర ఆగి, "ఏం తోట జయక్కా, కండ్లు తిప్పుకోబుద్ధి అయితలేదు" అంది. జయకు అది దిష్టి మాటలా తగిలింది. ఆ సాయంత్రం నుంచి కొడుకుతో పాటు ఇంటికీ, గేటుకూ, తోటకూ దిష్టి తీయడం మొదలైంది. పిడికెడు ఉప్పు నాలుగు పిడికిళ్లయింది. కానీ కొత్త ఇంట్లో తొక్కని చోటేది? అంతా నున్నటి బండలు, కాలువలన్నీ భూమి కింద. సింకులో పోస్తే అన్నం తినే కంచాలకు తగులుతుందని భయం. పచ్చికలోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వరు గనక, చెట్ల మొదళ్లే తొక్కని చోటు అయ్యాయి.

ముందు గులాబీల ఆకుల అంచులు మాడాయి. తర్వాత మల్లె. హనుమేశ్ వచ్చి ఎండను తిట్టాడు, బోరు నీళ్లను తిట్టాడు, మట్టి తోలినవాణ్ణి తిట్టాడు. పీకేసి కొత్తవి పెట్టాడు. అవీ పోయాయి.

యోగానంద్ అప్పుడు ఫంక్షన్ హాలు కడుతున్నాడు. దాని చుట్టూ తోట పని హనుమేశ్‌కే ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. ఒకరోజు మా గేటు దగ్గర నిలబడి ఎండిన మొక్కలు చూశాడు.

"హనుమేశ్, ఏమనుకోకు. పెండ్లిళ్లు జరిగే జాగా. నీ చెయ్యి ఇప్పుడు మంచిగ లేదు. ఇంకొకర్ని చూసుకుంట."

వాగుడుకాయ వాడు, పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నేను ముందు తోటా పెరడూ తిరిగి వచ్చి నవ్వాను. "జయా, నీ తోటల నోట్లెకు పోయేటివి బతికినయ్, కంటికి కనపడేటివి సచ్చినయ్. దుకాణదారుల తోట గదా, లాభం లేనిది నిలువదు."

జయ నవ్వలేదు. "అక్కా, తినేటి చెట్టుకు దిష్టి నీళ్లు పోయరు గదా?"

"పోయరు."

"గందుకే మిగిలినవాటికి పోసిన."

నేను పెరటి తలుపు దగ్గరికి వేశాను. మెల్లగా అన్నాను, "నోరు మూసుకో. వానికి ఇంకో ఇల్లు దొరుకుతది. చెప్తే నేత్ర దిష్టి అని చెప్పాలె. గోడ పక్క గోడ, ఆమెతోని బతకాలె మనం."

జయ నా మాట విన్నది. ఎప్పుడూ వింటుంది, అదే ఆమె ఖర్మ. కానీ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. కొళాయి చప్పుడైతే ఉలిక్కిపడేది.

తర్వాతి వారం హనుమేశ్ మళ్లీ మొక్కలు తెచ్చాడు. గేటు బయటే నిలబడి కూలీని లోపలికి పంపాడు. "నువ్వే పెట్టు. నా చెయ్యి తగలొద్దు."

జయ చేతిలో టీ గ్లాసు అక్కడే పెట్టి, కొంగు కప్పుకుని, నేరుగా పక్కింటికి నడిచింది. వెనక నేను. లోపల మొగుడూ పెళ్లాలిద్దరూ ఉన్నారు.

"చెట్లను సంపింది హనుమేశ్ కాదు, నేను. రోజు ఉప్పు నీళ్లు పోసిన."

"ఎందుకు?" అన్నాడు యోగానంద్.

"దిష్టికి."

"ఎవరి దిష్టి జయక్కా?" నేత్ర అడిగింది.

ఊరి దిష్టి అంటే సరిపోయేది. నేను వెనక నుంచి గిల్లాను కూడా.

"నీదే, నేత్రా."

యోగానంద్ పగలబడి నవ్వాడు. నేత్ర నవ్వలేదు. "నా కండ్లు గంత పాపిష్టివా?" అని లోపలికి పోయింది. ఆ తర్వాత మా గేటు ముందు తల వంచుకుని నడుస్తుంది.

పని హనుమేశ్‌కు తిరిగి వచ్చింది. కానీ జయ ఎంత చెప్పినా వాడు నమ్మలేదు. "అమ్మ మనసు మెత్తన. నన్ను నిలబెట్టాలని నింద మీదేసుకున్నది. ఇంటి దేవునికి తెల్వదా ఎవరి చెయ్యి ఎట్లాంటిదో."

హాలు దగ్గరికి జయను పిలిపించి, మొదటి మొక్క, పొగడ చెట్టుది, ఆమె ముందుకు చాచాడు.

"మీ చేత్తోని పెట్టుండ్రి అమ్మా."

"నా చెయ్యి వద్దు హనుమేశ్. నీదే మంచి చెయ్యి. నీకు మొక్కుత, నువ్వే పెట్టు."

వాడు చాచిన మొక్క వెనక్కి తీసుకోలేదు. కూలీలు ఎండలో నిలబడి చూస్తున్నారు. జయ వంగి పెట్టింది.

అది చిగురేసింది. ఇప్పుడు హనుమేశ్ ఏ ఇంట్లో తోట వేసినా మొదటి మొక్కకు జయనే పిలిపిస్తాడు. లేఅవుట్ అంతా ఆమె కైగుణ గురించే మాట. కార్లు పంపుతున్నారు. జయ పోతుంది, పెడుతుంది, వాళ్లిచ్చిన జాకెట్టు గుడ్డ తెచ్చి విప్పకుండా బీరువాలో పడేస్తుంది. మొన్న తలుపు మూస్తూ అంది.

"వాని పేరు తీసుకొచ్చి నా ఇంట్ల పెట్టుకున్న అక్కా. ఇచ్చేద్దామంటే తీసుకుంటలేడు."

అప్పుడే బయట కారు హారన్ వినిపించింది. ఆమె చెప్పులు వేసుకుంది.