అమ్మకు ఆకలైన వేళలు

అమ్మ దినాలు అయిపోయాక అల్మారా సర్దుతుంటే నా పాత నోటుపుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీ నిండా మూడు, మూడు, మూడుంపావు, మూడు అని ఉంది. రెండో పేజీలో మూడే అంకెలు: తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అవి అమ్మకు ఆకలైన వేళలు. ఒక వైద్యుడి మోసం బయటపెట్టాలని రాసుకున్నవి.

అప్పుడు మేం బెంగాల్లో, గార్డెన్ రీచ్‌ ఓడరేవు డాక్ పనివాళ్ల లైనిళ్లలో ఉండేవాళ్లం. ఇంట్లో ముగ్గురమే. నాన్నకు డాక్‌లో వారం వారం షిఫ్టు మారేది. నేను ఖిదిర్‌పూర్‌లో గుమాస్తాని. సాయంత్రాలు లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. ఏది చదివినా రాసినవాడు ఎక్కడ అబద్ధమాడుతున్నాడా అని వెతికే అలవాటు ఆ రోజుల్లోనే పట్టుకుంది.

అమ్మ అరచేతుల మీద, వేళ్ల సందుల్లో పొలుసులు లేచి పగిలేవి. రసి కారేది. ఆస్పత్రి పూతమందు రాసినన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెట్టేది. అంటురోగం కాదని డాక్టరు చెప్పాడు. లైనువాళ్లు నమ్మలేదు. ఏటా మాఘమాసంలో అమ్మవారి సంబరానికి ఆడవాళ్లందరూ కలిసి వండేవారు. పెద్ద గిన్నెలో పులిహోర కలపడం ఎన్నో ఏళ్లుగా అమ్మ పని. ఆ ఏడు పక్కింటావిడ గిన్నె తన వైపు లాక్కుని, "ఈయేడు నువ్వు కూకో వదినా. పూలు కట్టు. ఇది మేం సూసుకుంటాం" అంది.

అమ్మ కూర్చుని పూలు కట్టింది. ఇంటికొచ్చి రక్తం వచ్చేదాకా సబ్బుతో చేతులు తోముకుంది. "మళ్లీ సంబరానికి ఈ సెయ్యి గిన్నెలో ఎట్టాల్రా" అంది. ఇంకేమీ అడగలేదు.

మా వీధి పార్టీ ఆఫీసులో కూర్చునే ఒకాయన నాన్నకు పక్క పేట మెటియాబ్రుజ్‌లోని కవిరాజ్ గురించి చెప్పాడు. బెంగాలీలు ఆయుర్వేద వైద్యుణ్ణి అలాగే పిలుస్తారు. "మా కమిటీలో సగం నడుములు ఆయన నిలబెట్టినవే" అని ఆయన సిఫార్సు. ఆ మాటతోనే నా అనుమానం మొదలైంది.

కవిరాజ్ ఇల్లు దర్జీ దుకాణాల సందులో ఉండేది. పగలంతా మిషన్ల చప్పుడు. ఆయన అమ్మ చేతులు వెలుగులో తిప్పి చూసి, లోపల శుభ్రం చేయాలన్నాడు. తెల్లవారుజామున చేదు మందులు వేసి కాచిన నెయ్యి తాగాలి. రోజురోజుకూ మోతాదు పెంచాలి. ఒళ్లంతా నెయ్యికి నానాక ఆవిరి పట్టి చెమట పట్టించాలి. ఆ తర్వాత ఒకరోజు విరేచనాలు. అది అయ్యాక పల్చటి జావతో మొదలుపెట్టి మెల్లగా అన్నానికి రావాలి.

"ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాను.

"దిది ఆకలి చెబుతుంది" అన్నాడు. అమ్మను ఆయన దిది, అంటే అక్క, అనే పిలిచేవాడు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. గడువు చెప్పని వైద్యుడు దేనికీ దొరకడు అనుకున్నాను.

ఆయన నియమం ఒక్కటే. ఆరింటికి నెయ్యి తాగాక వేడినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. నిజమైన ఆకలి వేసినప్పుడే జావ తాగి, అది ఏ వేళో ఆయనకు చెప్పాలి. ఆకలి త్వరగా వేస్తే నెయ్యి అరిగిందని అర్థం, మర్నాడు మోతాదు పెంచుతాడు. ఆలస్యమైతే పెంచడు. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక వెళ్లి ఆ కబురు అందించడం నా పని. అమ్మ చెప్పిన వేళ ఆయనకు చెప్పి, పుస్తకంలో కూడా రాసుకునేవాణ్ణి. ఒక చెంచాడు నెయ్యి మందుల షాపాయనకు చూపించాను కూడా. వాసన చూసి, నాలిక మీద వేసుకుని, "నెయ్యే. చేదుగా ఉంది" అన్నాడు.

"నెయ్యి తాగితే సెయ్యి మానడవేటి?" అని నాన్న నవ్వేవాడు. "నెత్తికి రాసుకుంటే బుర్ర పెరుగుద్దేమో, ఆ కవిరాజునడుగు."

"అలగైతే ముందు మీకే రాయాల" అనేది అమ్మ, ముక్కు మూసుకుని గిన్నె ఎత్తుతూ.

ఏడు రోజులూ ఆమె చెప్పిన వేళ మధ్యాహ్నం మూడు, ఒక్కరోజు మాత్రం మూడుంపావు. కవిరాజ్ తల అడ్డంగా ఊపి మోతాదు పెంచలేదు. ఏడో రోజు ఆపేశాడు. అంతకు మించితే ఒంటికి నెయ్యి అలవాటైపోతుందట. నెల ఆగి మళ్లీ మొదలుపెడదామన్నాడు.

"ఇది మీకు తెలిసిన వైద్యమేనా?" అని అడిగాను.

"దిది కడుపు ఏం చెబితే అంతే తెలుసు నాకు" అన్నాడు. కోపం తెచ్చుకోలేదు. కోపం రాకపోవడం కూడా నాకు అనుమానంగానే కనిపించింది.

నెల తర్వాత మళ్లీ మొదలైంది. మొదటి రోజు తొమ్మిదింటికే ఆకలైందని అమ్మ చెప్పింది. కవిరాజ్ మొహం వెలిగింది. మోతాదు పెంచాడు. రెండో రోజూ తొమ్మిదే. రెట్టింపు చేశాడు. మూడో రోజు తొమ్మిదింటికి జావ తాగింది, పది కాకముందే వాంతులు. మధ్యాహ్నానికి లేచి నిలబడలేకపోయింది. నాన్న పక్కింటి ఫోన్ నుంచి ఆఫీసుకు కబురు చేశాడు. నేను ఇంటికొచ్చి ఆమెను చూసి, మూడో తొమ్మిది కూడా రాసి, పుస్తకం జేబులో పెట్టుకుని నేరుగా మెటియాబ్రుజ్ వెళ్లాను.

"చూడండి, అంతా రాసి ఉంచాను" అన్నాను. నిజంగానే ఆయన్ని నలుగురిలో దోషిగా నిలబెట్టాలని నా ఉద్దేశం.

కవిరాజ్ కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివాడు. ముందుకూ వెనక్కూ తిప్పాడు.

"ఆకలి ఇలా గడియారం పట్టుకుని రాదు బాబూ. ఇక్కడ అన్నీ మూడు. ఇక్కడ అన్నీ తొమ్మిది. ఈ రెండు పేజీల మధ్య మీ ఇంట్లో ఏం మారింది?"

"ఏమీ మారలేదు. నాన్న షిఫ్టు మారింది, అంతే."

అన్నాక ఆ మాట నాకే వినిపించింది. మొదటిసారి నాన్నది పొద్దుటి షిఫ్టు. రెండున్నరకు వచ్చి తినేవాడు. ఈసారి రాత్రి షిఫ్టు. ఏడింటికి వచ్చి, ఎనిమిదింటికి తిని పడుకుంటాడు. ఎనిమిదిన్నరకు నేను తిని బయల్దేరతాను. ఇద్దరం అయ్యాక అమ్మ. కవిరాజ్ పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని అడిగాను. "అమ్మా, నిజంగా నీకు ఆకలెప్పుడేసింది?"

"సెప్పేనుగా. తొమ్మిదికి."

"నేను తినకపోయుంటే?"

"నువ్వు తినకుండా నాకాకలేట్రా?" అంది. నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసింది.

అమ్మ కోలుకున్నాక కవిరాజ్ మూడోసారి మొదలుపెట్టాడు. ఈసారి అమ్మ పొద్దున్నే వెళ్లి వాళ్ల వరండాలోనే కూర్చోవాలన్నాడు. నెయ్యి అక్కడే, జావ అక్కడే. మా అన్నం మేమే పెట్టుకోవాలి. మొదటి రెండు రోజులూ అమ్మ పన్నెండు దాటేదాకా కూర్చుని, కవిరాజ్ భార్యను టైమెంతని అడుగుతూనే ఉందట. "మావోళ్లు తిన్నారో లేదో" అని బెంగాలీలో చెప్పుకుందట. మూడో రోజు పదీ నలభైకి, ఎవరూ అడగకుండా, "ఖిదే పేయెఛే" అంది. ఆకలేస్తోందని. సాయంత్రం కవిరాజ్ భార్య చెబితే నాకు తెలిసింది. తెలుగులో ఆ మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. పరాయి ఇంట్లో, పరాయి భాషలో అనగలిగింది.

ఆ తర్వాత అన్నీ ఆయన చెప్పిన వరసలోనే జరిగాయి. నెయ్యి, ఆవిరి, ఒకరోజు విరేచనాలు, మళ్లీ జావ. మాఘమాసానికి చేతుల మీద పొలుసులు రాలి, పల్చటి గులాబిరంగు చర్మం వచ్చింది. ఒక వేలి సందులో మాత్రం పగులు మిగిలింది. సంబరం నాడు పక్కింటావిడ ఆ చేతులు రెండువైపులా తిప్పి చూసింది. పగులు ఆవిడకు కనిపించిందనే నా నమ్మకం. గిన్నె అమ్మ వైపు తోసి, "కలుపు వదినా, సల్లారిపోతంది" అంది. అమ్మ మోచేతిదాకా ముంచి కలిపింది.

రెండు చలికాలాల తర్వాత పొలుసులు మళ్లీ కొంచెం వచ్చాయి. మొదటంత కాదు. నెయ్యి పనిచేసిందా, ఆ కొన్నాళ్లు ఆకలేసినప్పుడు తినడం పనిచేసిందా, నాకిప్పటికీ తెలియదు. కవిరాజ్‌ను నేను పూర్తిగా నమ్మలేదు. అబద్ధమాడిన మనిషి మాత్రం ఆయన కాదు.

పుస్తకంలో మూడో పేజీలో కడపటి అంకె పదీ నలభై. ఆ తర్వాత నేనేమీ రాయలేదు. వైద్యం అయిపోగానే అమ్మ మళ్లీ మా ఇద్దరి తర్వాతే తినడం మొదలుపెట్టింది. అది నాకు తెలుసు. రోజూ ఎనిమిదిన్నరకు తిని ఆఫీసుకు వెళ్లాను.